సిమ్ములో మనుషులుండరు

మామ చనిపోయాడన్న మెసేజ్ నాకు మామ నంబరు నుంచే వచ్చింది.

పొద్దున్నే షాపు తాళం తీస్తుంటే జేబులో ఫోను గుర్రుమంది. చూస్తే డీపీలో అత్త సగం మొఖం. ఆ సగం మొఖం కనబడిందంటే మామ ఏదో ఒకటి పంపాడని లెక్క. చాలాసార్లు ఆ ఏదో ఒకటి కూడా అత్త సగం మొఖమే. అందుకని చదవకుండానే, అలవాటు కొద్దీ, "ఏం మామా, పొద్దుగాలనే అత్తను నా మీదికి తోలినవ్?" అని కొట్టి పంపేశాను. ఆ తరువాత చదివాను. మామ బామ్మర్ది ఆయన ఫోను పట్టుకుని, అందులో ఉన్న నంబర్లన్నింటికీ ఒకటే మెసేజ్ పెడుతున్నాడు. మా బావ కాలం చేసిండు, మధ్యాహ్నం తీస్తం, రాగలరు. దాని కింద నా పరాచికం వేలాడుతోంది. తీసేద్దామని వేలు పెట్టేలోపే అవతల చదివేశారు. కాసేపటికి జవాబు వచ్చింది. "జల్ది రా అల్లుడా."

నేను నిజానికి ఆయన అల్లుణ్ణి కాను. ఆయనకు అల్లుడు ఉండే వీలే లేదు, పిల్లల్లేరు. నా సెల్‌ఫోన్ రిపేరు డబ్బా, ఆయన కూచునే గిన్నెల దుకాణం అరుగు ఎదురెదురు, అంతే. వరంగల్ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఇరుకు సందు మాది. ఆటో వస్తే ఆయన కాళ్లు ముడుచుకోవాలి, నేను కడుపు లోపలికి పీల్చుకోవాలి. ఎనిమిదో తరగతిలో బడికి సలాం కొట్టి వచ్చి ఆ డబ్బాలో కూచున్ననాటి నుంచి నాకు ఎదురుగా కనబడిన మొదటి మొఖం ఆయనది. మధ్యాహ్నం టిఫిను గిన్నె పట్టుకుని వచ్చే రెండో మొఖం అత్తది.

"బిడ్డ లేకున్నా అల్లుడు ఎదురుంగనే ఉన్నడు గదత్తా. పండుగకు బట్టలు పెట్టరాదు?" అనేవాణ్ణి.

"పెడత. ముందుగాల మా బిడ్డ ఎక్కడున్నదో చూపియ్యి" అనేది అత్త.

తనకు లేనిదాని మీద తానే మొదట నవ్వేసేది, ఇంకొకరికి జాలి పడే అవకాశం ఇవ్వకుండా.

మామ పేరు ఇక్కడ రాయను. ఆయనకు అది అలవాటు లేదు. ఆయన పని స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టడం. పెళ్లికి బిందె కొన్నా, గృహప్రవేశానికి గంగాళం కొన్నా, చనిపోయినవాళ్ల పేరు మీద పంచడానికి గ్లాసులు కొన్నా ఆయన ముందుకు రావాల్సిందే. ఈ ఊళ్లో సగం వంటిళ్లలో ఆయన చేతిరాత ఉంటుంది. తన పేరు మాత్రం తన ఇంటి చెంచా మీద కూడా కొట్టుకోలేదు. "మా ఇంట్ల గిన్నెలు పోయేదెక్కడికి?" అనేవాడు.

పెన్ను లావు మిషను చేతిలో పట్టుకుని, గిన్నెను ఒళ్లో పసిపిల్లలా పడుకోబెట్టుకుని, తల ఎత్తకుండా మాట్లాడుతూ కొట్టేవాడు. అయిపోయాక ఉఫ్ మని ఊది, చొక్కా అంచుతో తుడిచి, గిన్నె తిప్పి కొన్నవాళ్లకే చదివి వినిపించేవాడు. వాళ్ల పేరు వాళ్లకే కొత్తగా చెప్పినట్టు! వాళ్లు తలూపితేనే చేతికిచ్చేవాడు. ఈ ఊదడం ఎంత ముదిరిందంటే, ఫోనులో ఎవరైనా ఫొటో చూపించినా ముందు ఉఫ్ మని ఊది ఆ తరువాత చూసేవాడు. "మామా, అండ్ల ఉన్నోళ్లకు సర్ది చేస్తది" అంటే నవ్వేవాడు కానీ మానలేదు.

ఫోను అత్తది. ఆయనది మీటలు నొక్కే డబ్బా ఫోను. అత్త తన ఫోనుతో కనబడిన ప్రతిదాన్నీ ఫొటో తీసేది. పెరట్లో కాసిన చిక్కుడుకాయ, గోడ దూకే పిల్లి, మామ తినేసిన గిన్నె, తినని గిన్నె, అద్దంలో తను. ఒకరోజు నా డబ్బా ముందుకొచ్చి కొంపలు మునిగినట్టు ఫోను పెట్టింది.

"అల్లుడా, జాగ లేదంటాంది. నా ఫోన్ల నాకు జాగ లేకపోవుడేంది?"

తెరిచి చూశాను. "చిక్కుడుకాయను నాలుగు దిక్కుల నుంచి తీసినవేందత్తా? ఏమన్న దొంగతనం చేసిందా అది?"

"మంచిగ కాసింది. తియ్యొద్దా?"

"తియ్యి. గని ఇంకో కాడ కాపీ పెట్టుకో. ఫోను పోయిందనుకో, అన్నీ పోతయి."

"నావి నా దగ్గర్నే ఉండాలె. పొరుగింట్ల దాసిపెట్టుకుంటరా ఎవరన్న?"

పొరుగింట్లో పెట్టను పొమ్మంది కనుక ఫోనులోనే చిన్న మెమరీ కార్డు వేసి, ఫొటోలన్నీ అందులోకి పోయేట్టు చేశాను. "జాగ దొరికింది" అని ఆమె సంబరపడుతుంటే, ఎదురు అరుగు మీద నుంచి మామ తల ఎత్తకుండా, "ఫోన్ల దొరికింది. ఇంట్ల మాత్రం నాకు దొరుకుతలేదు" అన్నాడు. అత్త అక్కడి నుంచే టిఫిను గిన్నె మూత విసిరినట్టు చేయి లేపింది.

జ్వరమని దవాఖానకు పోయిన అత్త నడిచి తిరిగి రాలేదు. వానాకాలం మొదట్లో జరిగింది.

వాళ్లలో పూడ్చిపెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి తోడు పంపడం ఆనవాయితీ. బీడీలు తాగే మనిషికి బీడీల కట్ట, వక్కాకు తినే మనిషికి వక్కాకు సంచి. అత్తకు ఏం పెట్టాలని ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే మామ లేచి ఫోను తెచ్చాడట. "ఒక్క గడియ ఇడిసి ఉండలే దీన్ని" అన్నాడట. అందరూ మంచి పని అన్నారు. నేను ఆ సమయంలో బయట ఆటోలు మాట్లాడుతున్నాను. ఈ సంగతంతా తరువాత తెలిసింది.

బామ్మర్ది తెలివైనవాడు. రఘునాథపల్లి మనిషి, హైవే పక్కన వ్యవసాయం, లోకం చూసినవాడు. "ఆగు బావా, గ్యాసు బుకింగు ఈ నంబరు మీదనే ఉన్నది" అని గుర్తు చేశాడు. పక్కనున్న ఎవరి చీర నుంచో పిన్నీసు తీసుకుని, ఫోను పక్కన గుచ్చి, చిన్న పళ్లెం బయటికి లాగి, సిమ్ము తీసి మామకిచ్చాడు. తిరిగి పళ్లేన్ని జాగ్రత్తగా లోపలికి నెట్టాడు. ఎందుకంటే లోపల మట్టి పోతుందట. మామ ఆ ఫోనును అత్త చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

ఆ పళ్లెంలో సిమ్ము పక్కనే మెమరీ కార్డు ఉంటుంది. ఒకటి తీసి రెండోది ఎందుకు తీయలేదంటే, గ్యాసు బండ సిమ్ము మీద వస్తుంది, మెమరీ కార్డు మీద రాదు.

దినాలకు రెండు మూడు రోజులున్నాయనగా మామ నా డబ్బా దగ్గరికి వచ్చి పిడికిలి తెరిచాడు. పసుపు అంటిన గుడ్డపేలిక, అందులో సిమ్ము.

"అల్లుడా, దీంట్లకెళ్లి మీ అత్త ఫొటో ఒకటి తీయి. మంచిగ నవ్వేటిది చూసి తీయి. ఫ్రేము కట్టియ్యాలె."

"ఫోనేది మామా?"

"ఫోను ఆమెకిస్తిమి గద. అందుకనే ఇది తీసి పెట్టుకున్నం. అసలుది ఇదే గద?"

"సిమ్ముల నంబర్లుంటయి మామా. మనుషులుండరు."

నా నోటికి ఏ మాటైనా పరాచికంగానే వస్తుంది, ఇదీ అలాగే వచ్చింది. ఆయన కూడా అలవాటుగా నవ్వాడు. ఆ నవ్వు తీసేయడం మరిచిపోయినట్టు మొఖం మీద అలాగే ఉండిపోయింది.

"మరి ఫొటోలు ఏడున్నయి?"

ఆయన సిమ్మును తిప్పి వెనక వైపు చూశాడు, మళ్లీ ముందుకు తిప్పాడు.

"ఆ పక్కపొంటి నల్లగ చిన్నది ఉండె..."

"ఆ. అదే మామా."

"అది తియ్యలే."

"ఊఁ."

"మా బామ్మర్ది మట్టి పోవద్దని మంచిగ మూసిండు" అన్నాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఇద్దరం కలిసి బామ్మర్దిని తిట్టేవాళ్లం.

చివరికి ఆధార్ కార్డు మీది ఫొటోనే పెద్దది చేయించాం. ఆధార్ ఫొటోలో మనలో ఎవరూ మనలా ఉండం. నా దాంట్లో నేను జేబుదొంగను. అత్త ఎవరి మీదో కేసు పెట్టడానికి వచ్చినట్టుంది. రోజంతా నవ్వే మనిషి, గోడకెక్కి మమ్మల్నందరినీ గుర్రుగా చూసింది. దినాల నాడు వచ్చినవాళ్లకు పంచడానికి స్టీలు గ్లాసులు తెచ్చారు. వాటి మీద అత్త పేరు మామే కొట్టాడు, ఇంకొకరికి ఇవ్వనన్నాడు. మొదటి గ్లాసు అయిపోయాక ఉఫ్ మని ఊది, తుడిచి, చదివి వినిపించడానికి తిప్పాడు. ఎదురుగా కొన్నవాళ్లెవరూ లేరు. తనే చదువుకుని, తనే తలూపి, పక్కన పెట్టి, రెండో గ్లాసు ఒళ్లోకి తీసుకున్నాడు.

ఒక సాయంత్రం ఆయన సందు దాటి వచ్చి, నా దగ్గర ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"ఒకవేళ అది బైటికొస్తే, నువ్వు ఫొటోలు తియ్యగలవా?"

ఏది బయటికి రావడమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ కార్డులు మొండివి. ప్యాంటు జేబులో ఉండి బండ మీద ఉతుకుడు తిన్నవీ, బావిలో పడ్డవీ బతికి రావడం చూశాను. లేదని చెబితే ఆయనకు సుఖమే, కానీ అబద్ధమవుతుంది.

"ఫోను పనికి రాదు మామా, వానలు పడ్డయి. కార్డు మాత్రం చెప్పలేం. రావచ్చు, రాకపోవచ్చు."

"రావచ్చు" అన్నాడు. రెండో ముక్క ఆయన చెవికి చేరలేదు.

ఒక పొద్దున సంచి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. సంచిలోంచి గడ్డపార మొన బయటికి కనబడుతోంది. "పా" అన్నాడు. బండి వెనక కూచుని గడ్డపార నిలబెట్టి పట్టుకున్నాడు. దారిలో చూసినవాళ్లు కూలికి పోతున్నామనుకుని ఉంటారు. నేను ఒక్క పరాచికం కూడా ఆడలేదు. ఊరి చివర బొందలగడ్డ దగ్గర బండి ఆపితే దిగి ముందు నడిచాడు.

అత్త మీది మట్టి వానకు కుంగింది. లేత గడ్డి మొలిచింది. ఎవరివో మేకలు ఆ గడ్డి దగ్గరికే వస్తుంటే, మామ గడ్డపారతో వాటిని అదిలించాడు. ఆ గడ్డపారతో ఆ రోజు చేసిన పని అదొక్కటే. తరువాత గొంతుక్కూచుని అరచేయి మట్టి మీద ఆనించాడు. నేను వెనక నిలబడ్డాను. ఎండ వీపు మీదికి వచ్చింది.

"నేనే పెట్టిన అల్లుడా" అన్నాడు. "వేళ్లు ముడుచుకుంటలేవు, ఒక్కొక్కటి పట్టుకొని మూసిన. గట్టిగ పట్టుకోవే అని గూడ చెప్పిన. మల్ల అవే వేళ్లు ఇప్పి గుంజుకోవాల్నా నేను?"

మేక ఒకటి మళ్లీ గడ్డి దగ్గరికి వస్తే చేత్తో తోలాను.

"నువ్వు చెప్పు. నీకు అన్నిటికి జవాబుంటది గద."

"లేదు మామా."

మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. "పోదాం పా."

"గడ్డపార?"

"పట్టుకరా. ఇంట్ల పనికొస్తది."

ఆ రోజు నుంచి ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. గిన్నె చేతికివ్వగానే, "ఏ పేరమ్మా?" అని అడగడానికి ముందు, "మా ఇంట్లామె మీ ఫోన్ల ఉన్నదేమో, జర చూడుండ్రి" అనేవాడు. తెలియనివాళ్లు బెదిరి నా వైపు చూసేవారు. నేను డబ్బాలోంచే కథంతా చెప్పేవాణ్ణి. తెలిసినవాళ్లు నిలబడి వెతికేవారు. ఎవరి పెళ్లిలో ఎవరు అన్నం వడ్డించారో, ఎవరి పుట్టినరోజుకు ఎవరు వెనక నిలబడ్డారో, అందరి ఫోన్లూ ఆ అరుగు మీద తెరుచుకునేవి.

అలా అత్త ముక్కలు ముక్కలుగా రావడం మొదలైంది. రఘునాథపల్లిలో ఒక పెళ్లి ఫొటోలో కూర బకెట్టు, దాన్ని పట్టుకున్న గాజుల చెయ్యి. ఆ చెయ్యి అత్తది, మిగతా అత్తను పెళ్లికొడుకు తలపాగా మింగేసింది. బతుకమ్మ నాడు తీసిన దాంట్లో వీపూ జడా. రామప్ప గుడి చూడటానికి పాలంపేటకు పోయినప్పటి గుంపు ఫొటోలో రాతి బొమ్మల ముక్కూ చెవీ కూడా తేటగా పడ్డాయి, అత్త మాత్రం కదిలి మసక. ఒక పిల్లవాడి పుట్టినరోజు ఫొటోలో అత్త మొఖం ఈ సగం ఉంది, ఆ సగానికి బెలూను అడ్డం. డీపీలో ఎక్కింది ఆ సగమే. నవ్వే మొఖం, పూర్తిగా, ఒక్కటీ దొరకలేదు. ఆయనకు కావాల్సింది అదొక్కటే.

"ఆ బెలూను జర అటు జరపరాదు?" అనేవాడు నాతో.

"ఫొటోల బెలూను జరగది మామా. పలిగి కూడ పోదు."

"ఇప్పుడు మిషనే మనిషిని గీస్తదట గద?"

వద్దన్నాను. వినలేదు. సరే అని ఫోనులోనే ఒకదాంట్లో పెట్టి, బెలూను తీసేసి మిగతా మొఖం గీయించి, నవ్వు కూడా పెట్టించాను. క్షణంలో వచ్చింది. నున్నటి చెంపలు, వరుసగా ముత్యాల్లాంటి పళ్లు. మామ ఊది, చూసి, "మంచిగనే ఉన్నది. ఎవరామె?" అన్నాడు. తీసేయమన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దొరికిన ముక్కల్ని కాపాడుకోవడం కోసం అప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. పెద్ద ఫోను కొన్నాడు. కాపీ అంటే ఏమిటి, పెన్‌డ్రైవ్ ఏమిటి, ఫోను పోయినా పాస్‌వర్డు కొడితే ఎక్కడి నుంచైనా తిరిగి వచ్చేది ఏమిటి, అన్నీ అడిగాడు. బడి మానేసిన నేను పంతులు, అరవై దాటిన ఆయన పిల్లవాడు. ఆ బడి బాగా నడిచింది, ఎందుకంటే ఇద్దరికీ పరీక్షలంటే భయం లేదు. ఒక పెన్‌డ్రైవ్ నా గల్లాలో, ఒకటి బామ్మర్ది ఇంట్లో, ఒకటి ఆయన పెట్టెలో.

"తాళం కొంటే రెండు తాళంచేతులిస్తడు అల్లుడా. ఒకటి పోతదని వానికి ముందే ఎర్క. ఫోను అమ్మెటోడు గా మాట ఎందుకు చెప్పడు?"

"నేను చెప్పిన మామా. చిక్కుడుకాయ ముంగట నా మాట నిలబడలే."

దానికి నవ్వాడు. అత్త పోయాక ఆయన నిజంగా నవ్వగా చూసిన మొదటిసారి.

పెన్‌డ్రైవులతో ఆయన తృప్తి పడలేదు. యంత్రం మీద ఆయనకు నమ్మకం లేదు, మనుషుల మీద ఉండేది. దొరికిన ప్రతి ముక్కనూ తెలిసిన నంబర్లన్నింటికీ పంపేవాడు. "మీ ఫోన్ల ఉంచుండ్రి, తియ్యకుండ్రి" అని మాట రికార్డు చేసి కింద పెట్టేవాడు. పొద్దున్నే లేచి ఫోను చూస్తే ఎవరిదో జడ, ఎవరిదో చెయ్యి. కొందరు ఆయన నంబరును బ్లాక్ చేశారు. కొత్త జంటలు గిన్నెలు కొనడానికి వస్తే పేరు కొట్టడం ఆపి మరీ అడిగేవాడు, "పెండ్లి ఫొటోలు ఎన్ని కాడ పెట్టిండ్రు?" అని. వాళ్లు తొందరలో ఉంటారు, నవ్వుకుంటూ పోయేవారు.

ఒకరోజు సందు మూల చాయ్ దుకాణంలో ఇద్దరం నిలబడ్డాం.

"పోయిన వారం పంపింది ఉంచినవా?" అని చాయ్‌వాణ్ణి అడిగాడు.

"ఏది కాకా?"

"మా ఇంట్లామె చెయ్యి."

"అదా? జాగ లేక తీసేసిన కాకా. చెయ్యే గద."

మామ చాయ్ సగంలో పెట్టేశాడు. ఆ పూటంతా మిషను నడుపుతూ, ఎవరితోనూ కాదు, "చెయ్యే గద" అని అనుకుంటూ ఉన్నాడు. సాయంత్రం నేను పోయి చాయ్‌వాడి ఫోనులో ఆ చెయ్యి మళ్లీ ఎక్కించాను. తీసేశావంటే మా సందంతా చాయ్ బంద్ అని బెదిరించాను. మామకు చెప్పలేదు, చెబితే ఇంకోటి ఎక్కించమంటాడు.

ఇంట్లో మాత్రం గోడ మీది ఆధార్ ఫొటోతోనే కాపురం. రోజూ దానికే పువ్వు పెట్టేవాడు, అన్నం వండితే దాని ముందే మొదటి ముద్ద.

"లేస్తె ఆమెనే, పంటె ఆమెనే. గుర్రుగ చూస్తాంది అల్లుడా. నేనేం తప్పు చేసిన్నో అని రోజంత ఫికర్."

"మాఫీ అడుగు మామా, అయిపోతది."

"అడుగుతాన. ఆమె మాట్లాడతలేదు."

నవ్వే ఫొటో చివరికి దొరికింది, ఆయన పోవడానికి కొద్ది రోజుల ముందు. దాన్ని ఎవరికీ పంపలేదు. పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించమన్నాడు కానీ, డీపీ మారుద్దామా అంటే, "అందరికి సగం చాలు" అన్నాడు. అది దొరికిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

వర్ధన్నపేట నుంచి ఒకామె చార్జింగు ఎక్కని పాత ఫోను తెచ్చింది. పోయిన నాయన ఫొటోలు అందులో ఉన్నాయట, వాటిని కొత్త ఫోనులోకి మార్చమంది. బ్యాటరీ మార్చి, ఫొటోలు దింపుతూ చూస్తున్నాను. పొలం, ఎద్దులు, మంచం మీద ఆమె నాయన, మా సందు. మా సందులో గిన్నెల దుకాణం అరుగు. అరుగు ముందు అత్త.

ఫోను ఆమె వైపు తిప్పాను.

"ఆమెనా?" అంది వర్ధన్నపేట అక్క. "పేర్లు కొట్టేటాయన ఇంట్లామె గద? మా ఇంటి గృహప్రవేశానికి గంగాళం కొన్ననాడు నాయన ఫోన్తోని తీసిన. దాని మూత నెత్తి మీద గొడుగు లెక్క పట్టుకొని, ఎండ కొడ్తాంది అన్నది. ఆమెతోని నవ్వి నవ్వి సచ్చిన ఆరోజు."

పూర్తి మొఖం. నోరంతా తెరిచి, కళ్లు మూతపడేంత నవ్వు. ముందు పళ్ల మధ్య సందు. నేను ఫోను పట్టుకుని సందు దాటి పరిగెత్తాను. ఆటోవాడు తిట్టాడు. మామ ఎవరిదో బిందె ఒళ్లో పెట్టుకుని పేరు కొడుతున్నాడు. బిందె తాలూకు ఆమె పక్కన నిలబడి ఉంది.

"మామా, చూడు."

ఆయన మిషను ఆపి, ఫోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.

"మల్ల మిషన్తోని గీపిచ్చినవా? వద్దన్న గద అల్లుడా."

"గీసింది కాదు మామా."

"నవ్వు మంచిగనే పెట్టింది. గని పండ్ల నడుమ గీ సందెందుకు పెట్టింది?"

"మామా, అది అత్తే. ఈ వర్ధన్నపేట అక్క తీసింది. గీ అరుగు ముంగటనే. యెనుకకు నీ మోకాలు గూడ పడ్డది, చూడు."

ఆయన మోకాలు చూశాడు. దాన్ని వెంటనే పోల్చుకున్నాడు. తన లుంగీ గళ్లు, పక్కన తన మిషను తీగ. అక్కడి నుంచి చూపు మెల్లగా పైకి పోయింది. నవ్వు దగ్గర ఆగింది. వెనకాలే వచ్చిన వర్ధన్నపేట అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వితే గిట్ల ఉంటుండెనా?" అన్నాడు.

ఫోను ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఆ పండ్ల సందు నాకు యాదికి లేదు అల్లుడా. ఇన్నేండ్లు ఎదురుంగ కూసోని అన్నం తిన్న. గోడ మీదామెనే కండ్లల్ల కూసున్నది."

"కాపీ చేస్త మామా, ఇప్పుడే. మూడు చేస్త."

"చేద్దువు తియ్యి. ముందుగాల నువ్వు చెప్పు. రోజు నువ్వే నవ్విపిచ్చెటోనివి గద. ఎట్ల నవ్వేది? జర చెప్పు."

నేను అరుగు మీద ఆయన పక్కన కూచున్నాను. బిందె ఆమె తొందర పెట్టలేదు.

"మొదలు కొంగు నోట్లె కుక్కుకునేది మామా. సప్పుడు రాకపోయేది. భుజాలొక్కటే ఊగేటియి. ఇగ ఆపలేక కొంగు ఇడిసిపెడితే, కుక్కరు కూతేసినట్టు ఒక్కటే కూత. సందు మూల మీది దాక ఇనబడేది. ఆ కూతేసుకుంట పక్కకు ఎవరుంటె వాళ్లను ఒక్కటి ఏసేది—"

"నన్నే" అన్నాడు మామ, నా మాట పూర్తి కాకముందే. మిషను పట్టుకున్న చెయ్యి దాన్ని వదిలేసి ఎడమ భుజం మీదికి పోయింది. అక్కడ వేళ్లతో వెతికి, ఒకచోట ఆపి, గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"గీడ. గీడ్నే ఏసేది."